పుస్తకం చివరి పుటలు: ఫర్హంగ్, ఇషారియా

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం మాస్టరును తెలుగులో మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మన ఇళ్లల్లో ఉర్దూ మాట్లాడే పిల్లల్లో చాలామందికి ఉర్దూ చదవటం రాదు గనుక ఆ ఆజ్ఞ సబబే. నా తెలుగులో మధ్యమధ్య ఉర్దూ తొంగిచూస్తే మన్నించాలి. ఇవాళ చెప్పబోయే సంగతికి ఆ రెండూ కలిసిన తెలుగే కావలసి వస్తుంది కూడా.

సంగతి చిన్నది. పెద్ద పుస్తకాల చివర రెండు రకాల జాబితాలు వుంటాయి. రెండూ అక్షరక్రమంలోనే వుంటాయి. పైకి చూస్తే రెండూ ఒకలాగే కనపడతాయి. ఒకదాన్ని ఇంగ్లీషులో గ్లాసరీ అంటారు, ఉర్దూలో ఫర్హంగ్, తెలుగులో పదకోశం. రెండోదాన్ని ఇంగ్లీషులో ఇండెక్సు, ఉర్దూలో ఇషారియా, తెలుగులో అకారాది సూచిక. మా పదో తరగతి పిల్లలను ఈ రెండింటికీ భేదం ఏమిటని అడిగితే, "రెండూ పుస్తకం ఆఖర్న వుంటాయి సార్, పరీక్షకు రావు" అంటారు. అది కూడా నిజమే!

ముందు పేర్ల సంగతి చూద్దాం. గ్లాసరీ అనే మాట గ్రీకు భాషలో నాలుకకు వున్న పేరునుంచి వచ్చింది. ఇండెక్సు లాటిన్ మాట, దాని అర్థం చూపుడువేలు. మన ఇషారియా కూడా అంతే, ఇషారా అంటే సైగ. తెలుగువారి సూచికా ఆ దారిలోదే. అంటే ఒకటి నాలుక, ఇంకొకటి వేలు. నాలుక అర్థం చెబుతుంది. వేలు చోటు చూపుతుంది. "ఈ మాటకు అర్థమేమిటి?" అన్నవాడికి పదకోశం కావాలి. "ఆ సంగతి ఈ పుస్తకంలో ఎక్కడుంది?" అన్నవాడికి సూచిక కావాలి. పదకోశంలో మాట పక్కన వివరణ వుంటుంది. సూచికలో మాట పక్కన పుట నంబర్లు మాత్రమే వుంటాయి.

ఇక్కడ మూడో ఆసామి ఒకడు దూరి గందరగోళం చేస్తాడు. అతడే పుస్తకం మొదట్లో వుండే విషయసూచిక, ఉర్దూలో ఫెహ్రిస్త్. ఇది అధ్యాయాల వరుస, అక్షరక్రమం దీనికి లేదు. మన స్కూళ్లలో రికార్డు నోటుబుక్కు మొదటి పేజీలో గీతలు గీసి, వరుస నంబరు, తేదీ, ప్రయోగం పేరు, పేజీ అని రాయించి దానికి పెద్ద అక్షరాలతో "ఇండెక్స్" అని పేరు పెడతాం. అది ఇండెక్సు కానే కాదు, ఫెహ్రిస్త్. పదేళ్లపాటు మేమే అలా రాయించి, పదకొండో ఏట ఇండెక్సు అంటే తెలియదని పిల్లలను కసురుతాం. ఫెహ్రిస్త్ అనే మాట ఫారసీనుంచి అరబ్బీలోకి పోయింది. బాగ్దాదు నగరంలో పుస్తకాల వ్యాపారి ఇబ్నె నదీమ్ తనకు తెలిసిన అరబ్బీ పుస్తకాలన్నిటి జాబితా 987 ప్రాంతంలో తయారుచేసి దానికి అల్ ఫిహ్రిస్త్ అనే పేరు పెట్టాడు. ఆ పుస్తకాలలో ఎన్నో ఇవాళ పేరుకు మాత్రమే మిగిలినవి, ఆ పేరైనా ఆయన జాబితా వల్లనే మిగిలింది. సరే, అది పుస్తకాల పట్టిక. మన చర్చ వేరు.

పదకోశం సంగతికి వస్తాను. నిఘంటువు వుండగా పుస్తకం వెనుక మళ్లీ పదకోశం ఎందుకని కొందరు అడుగుతారు. నిఘంటువు ఒక మాటకు లోకంలో వున్న అర్థాలన్నీ చెబుతుంది. పదకోశం ఈ పుస్తకంలో ఆ మాటకు ఏ అర్థమో అదొక్కటే చెబుతుంది. ఉదాహరణకు ఫసల్ అనే మాట తీసుకోండి. రైతును అడిగితే పంట అంటాడు. ఉర్దూ గ్రంథం తెరిస్తే బాబ్ తర్వాత ఫసల్ వస్తుంది, అక్కడ అది అధ్యాయంలో ఒక భాగం. రెవెన్యూ కాగితంలో ఫసలీ అంటే సంవత్సరం లెక్క. దానికి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఇందాక నేను వాడిన ఆసామి అనే మాట చూడండి. అరబ్బీలో అది పేర్లు అనే బహువచనం. ఉర్దూ కచేరీలో కౌలుదారును, ఖాళీగా వున్న ఉద్యోగాన్ని కూడా ఆసామి అన్నారు. తెలుగు ఊళ్లలో పెద్ద ఆసామి అంటే పొలం, పశువులు, పలుకుబడి వున్నవాడు. మాట ఒకటే, మూడు ఇళ్లలో మూడు కాపురాలు. ఏ ఇంట్లో ఏమిటో చెప్పేవాడు లేకపోతే పిల్లవాడు తప్పు తలుపు తడతాడు. ఇనాం భూమి అంటే ఏమిటని ఒకసారి తరగతిలో అడిగాను. "పోటీలో గెలిస్తే ఇచ్చే భూమి" అని ఒకడు ఎంతో ధైర్యంగా చెప్పాడు. ఇనాం అంటే ఇంట్లో వాడికి తెలిసిన అర్థం బహుమతే గదా! వాడి తప్పేముంది?

ఇలాంటి మాటలు తెలుగులో ఎన్ని వున్నాయో లెక్కపెట్టటం కష్టం. దస్తావేజు, వసూలు, బాకీ, హక్కు, రద్దు, రైతు, జిల్లా... ఇవన్నీ అరబ్బీ ఫారసీలనుంచి వచ్చి తెలుగువాళ్లయిపోయినవే. సి.పి. బ్రౌన్ దొర వీటి కోసమే ప్రత్యేకించి, తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు 1854లో మద్రాసులో ఒక నిఘంటువు అచ్చువేయించాడు. మరుసటి ఏడు 1855లో విల్సన్ అనే పండితుడు లండనులో మన దేశపు కోర్టు మాటలకు, రెవెన్యూ మాటలకు ఒక పెద్ద గ్లాసరీ తెచ్చాడు. కుంపణీ ఉద్యోగులకు ఊళ్లోని కాగితం అర్థం కాకపోతే శిస్తు రాదు, తీర్పు నిలవదు. వాళ్ల అవసరం వాళ్లది. కాని ఆ అవసరం ఇప్పుడు మన ఇళ్లలోకి వచ్చిందని నా మనవి. దానికొక ఉదాహరణ కాస్త నింపాదిగా చెబుతాను.

మా బడిలో చదివిన ఒక అమ్మాయికి కాలేజీ సీటు వచ్చింది. తండ్రి దర్జీ పని చేస్తారు. చదువుకు బ్యాంకు అప్పు కావాలంటే ఇంటి కాగితాలు తెమ్మన్నారు. ఆయన బీరువాలోనుంచి పాత కాగితం తీసి నా దగ్గరకు తెచ్చారు. "మాస్టర్ సాబ్, ఇది మా దాదాజాన్ ఇల్లు కొన్న కాగితం. బ్యాంకువాళ్లకు ఉర్దూ రాదట, తెలుగులో రాసిపెట్టండి" అన్నారు. 1952 నాటి కాగితం. గొలుసుకట్టు ఉర్దూ, ఒక్కొక్క గీతకు మూడేసి అక్షరాలు. మూడో పంక్తిలో వున్న మాట చూసి నాకు గుండె ఝల్లుమంది. అక్కడ బైనామా అని లేదు. రెహన్ బిల్ ఖబ్జా అని వుంది. బైనామా అంటే అమ్మకం పత్రం. రెహన్ అంటే తాకట్టు. రెహన్ బిల్ ఖబ్జా అంటే ఇల్లు స్వాధీనం చేసి పెట్టిన తాకట్టు. అంటే ఆ దాదాజాన్ ఇల్లు కొనలేదు. ఎవరికో అప్పిచ్చి, ఆ అప్పు తీరేదాకా వుండటానికి ఇల్లు తీసుకున్నారు. మూడు తరాలవారు కొన్న ఇల్లనుకునే కాపురం చేశారు. ఇంట్లో అందరూ ఉర్దూ మాట్లాడేవారే, రెహన్ అనే మాట చెవిన పడితే అర్థం తెలిసినవారే. కాని ఆ కాగితం మీద దాన్ని చదవగలిగినవారు లేరు.

ఆయనకు చెప్పాను. ఆయన కుర్చీలో అలాగే కూర్చుండిపోయారు. కాసేపటికి, "అయితే ఇల్లు మాది కాదా, సాబ్?" అన్నారు. అప్పుడు నేనేం చెప్పగలను? పదకోశం పని అక్కడితో అయిపోయింది. ఈ కాగితం ఏమిటో అది చెప్పింది. దీని తర్వాత ఏం జరిగింది, అప్పు తీరిందా, ఇల్లు చేతులు మారిందా, ఇవి అది చెప్పలేదు. అక్కడ వేలు కావాలి.

ఆ వేలు రిజిస్ట్రారు ఆఫీసులో వుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షన్ ప్రకారం ప్రతి రిజిస్ట్రేషన్ ఆఫీసులో నాలుగు ఇండెక్సులు పెట్టాలి. మనకు పనికివచ్చేవి మొదటి రెండు. ఒకటో ఇండెక్సులో స్థిరాస్తి పత్రం రాసిచ్చినవారి పేర్లు, రాయించుకున్నవారి పేర్లు వుంటాయి. రెండో ఇండెక్సులో ఆస్తి వివరాలు వుంటాయి, ఏ ఊరు, ఏ వీధి, ఏ ఇల్లు అని. రెండూ ఆ దస్తావేజు ఏ పుస్తకంలో, ఎన్నో పుటలో నకలు రాసి వుందో చూపుతాయి. 57వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టి ఈ ఇండెక్సులు ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. పెద్ద వకీలు అక్కరలేదు. ఈ సంగతి మన వీధుల్లో పదిమందికి కూడా తెలియదు గనుక గట్టిగా చెబుతున్నాను. ఇప్పుడు ఈసీ అని కంప్యూటరులో తీసేది కూడా ఈ ఇండెక్సు లెక్కలనుంచే. కాని పాతకాలం దస్తావేజులు అందులో దొరకకపోవచ్చు, వాటికి ఆఫీసులో పాత రిజిస్టర్లు వెతికించవలసిందే.

వెళ్లాం. రెండో ఇండెక్సులో ఇంటి నంబరు పట్టుకుని వెతికితే ఏమీ లేదు. మునిసిపాలిటీ వాళ్లు మధ్యలో ఇంటి నంబర్లు మార్చారు, కాగితం మీది నంబరుకు, గోడ మీది నంబరుకు పొంతన లేదు. ఒకటో ఇండెక్సులో దాదాజాన్ పేరు మహబూబ్ గనుక మకారం పుటలన్నీ తిరగేశాం. లేదు. దర్జీగారు లేచి, "ఇక పోదాం సాబ్" అన్నారు. ఆ గుమాస్తా ముసలాయన మంచివాడు. కళ్లజోడు తుడుచుకుని, "పూర్తి పేరేమిటి?" అన్నాడు. షేక్ మహబూబ్. "అలా చెప్పండి మరి, షీన్‌లో చూడాలి" అని వేరే పుటలు తీశాడు. 1956లో దాదాజాన్ పేరున, అదే ఇంటికి, అదే ఆసామి రాసిచ్చిన బైనామా వుంది! పుస్తకం నంబరు, పుట నంబరు సహా. నకలు చేతికి రావటానికి పదకొండు రోజులు పట్టింది. ఆ అమ్మాయి ఇప్పుడు చదువుకుంటోంది.

పిల్లలు దీన్ని కథగా వినకూడదు. ఆ ఇంటివారికి రెండు కష్టాలు వచ్చాయి. మాట అర్థం తెలియలేదు, అది ఒకటి. సంగతి ఎక్కడుందో తెలియలేదు, అది రెండు. మొదటిదానికి రెండోది మందు కాదు. ఉర్దూ పండితుణ్ణి పది రోజులు కూచోబెట్టినా 1956 నాటి కాగితం దొరకదు. ఇండెక్సులు నూరు తిరగేసినా రెహన్ అంటే ఏమిటో తెలియదు.

షేక్ కింద పెట్టాలా, మహబూబ్ కింద పెట్టాలా అన్నది ఇవాళ్టి తగాదా అనుకోకండి. ఇబ్నె ఖల్లికాన్ అనే చరిత్రకారుడు 13వ శతాబ్దంలో పెద్దల జీవితచరిత్రలు అక్షరక్రమంలో కూర్చాడు. తల్లిదండ్రులు పెట్టిన అసలు పేరు ప్రకారం కూర్చాడు. అందులో ఇమామ్ అబూ హనీఫా కోసం అలిఫ్‌లో వెతికితే దొరకరు. వారి అసలు పేరు నూమాన్ గనుక నూన్‌లో వున్నారు. మన పేర్ల ముందు షేక్, సయ్యద్, మహమ్మద్ అని పెట్టుకుంటాం. అందరినీ మహమ్మద్ కింద రాస్తే ఆ ఒక్క అక్షరం ఊరంత అవుతుంది. విడిపేరు కింద రాస్తే పూర్తి పేరుతో వెతికేవాడికి దొరకదు. తెలిసిన సూచికకారుడు రెండుచోట్లా రాస్తాడు. ఒకచోట పుట నంబర్లు ఇచ్చి, రెండోచోట "మహబూబ్, షేక్ చూడుము" అని దారి చూపుతాడు. ఆ "చూడుము" అనేదే మంచి సూచికకు గుర్తు. అది లేని సూచికను నేను సగం సూచిక అంటాను.

ఇంకొక భేదం వుంది, నాకు అన్నిటికంటె ముఖ్యమని తోచేది. పదకోశాన్ని పుస్తకంనుంచి చించి వేరే పుస్తకానికి అతికించినా కొంత పనికివస్తుంది. రెహన్ ఎక్కడైనా రెహనే. సూచిక అలా కాదు. దాన్ని ఆ పుస్తకంతో, ఆ ముద్రణతో నిఖా చేశారు. ముద్రణ మారి పుటలు జరిగితే నంబర్లన్నీ అబద్ధాలవుతాయి. చేతిరాత కాలంలో పుస్తకాల వెనుక పుట నంబర్ల సూచిక అంతగా కనపడకపోవటానికి ఇదొక కారణం. ఒక్కొక్క లేఖకుడి రాత ఒక్కో సైజు, ఒక ప్రతిలో నలభయ్యో ఆకున వున్నది ఇంకో ప్రతిలో యాభయ్యో ఆకున వుంటుంది. పాత అరబ్బీ ఫారసీ ప్రతులలో పుట అడుగున తర్వాతి పుట మొదటి మాట రాసేవారు, ఆకులు చెదిరితే సర్దుకోవటానికి. అచ్చు యంత్రం వచ్చి వెయ్యి ప్రతులలోనూ ఒక పుట ఒకేలా వుండటం మొదలైనాక సూచికకు రాజయోగం పట్టింది.

దీనికి మనందరికీ తెలిసిన గ్రంథంనుంచే ఉదాహరణ ఇస్తాను. ఖుర్‌ఆన్ మాటల అర్థాలకు రాగిబ్ అస్ఫహానీ ముఫ్రదాత్ అనే గ్రంథం రాశారు. దాదాపు వెయ్యేళ్లనాటిది. అది నాలుక. ఏ మాట ఏ ఆయత్‌లో వుందో చూపటానికి ఈజిప్టు పండితుడు ముహమ్మద్ ఫువాద్ అబ్దుల్ బాఖీ అల్ ముఅజముల్ ముఫహ్రస్ అనేది కూర్చి 1945లో కైరోలో అచ్చువేశారు. అది వేలు. అంతకు నూరేళ్ల ముందు 1842లో ఫ్లూగెల్ అనే జర్మన్ పండితుడు ఇటువంటిదే చేశాడు. అయితే అతని ఆయత్‌ల నంబర్లు అతని సొంత ముద్రణ ప్రకారం వున్నాయి. 1924 నాటి కైరో ముద్రణ నంబర్లు వేరు. అతని వేలు చూపినచోట మన ప్రతిలో చూస్తే చాలాచోట్ల ఒకటి రెండు ఆయత్‌లు అటో ఇటో వుంటుంది. అబ్దుల్ బాఖీ ఆ జర్మను శ్రమను గౌరవంగా ఒప్పుకుని, దాని మీదనే కట్టి, నంబర్లు కైరో ప్రకారం సరిచేశారు. ముఫ్రదాత్‌కు ఏ ముద్రణ వచ్చినా ఈ బెడద లేదు.

"ఫోనులో వెతికితే సరిపోతుంది గదా సార్, సూచిక ఎందుకు?" అని మా పిల్లలు అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. ఫోను మీరు కొట్టిన అక్షరాలను వెతుకుతుంది. కితాబ్ అని కొడితే కుతుబ్ అనే బహువచనం దొరకదు. ఒకే నిజామును ఒక పుటలో ఉస్మాన్ అలీ ఖాన్ అని, ఇంకో పుటలో ఏడో నిజాం అని, మూడోచోట ప్రభువులవారు అని రాసివుంటే ఫోనుకు ముగ్గురూ వేరువేరు. సూచిక రాసినవాడు పుస్తకం చదివాడు గనుక ముగ్గురినీ ఒకచోట కూర్చోబెడతాడు. పేరు ఊరికే వచ్చిపోయిన పుటను వదిలేస్తాడు కూడా. ఆ వదిలెయ్యటమే తెలివి. అబ్దుల్ బాఖీ గ్రంథం మాటలను ధాతువుల కింద కూర్చింది అందుకే. మూడక్షరాల ధాతువు పట్టుకుంటే దాని సంతానమంతా అక్కడే వరుసగా కనపడుతుంది.

ఈ రెండూ ఎప్పుడూ వేరుగానే వుంటాయా అంటే, కొన్నిసార్లు ఒకదానికి ఇంకొకటి అవసరమవుతుంది. హాబ్సన్ జాబ్సన్ అని 1886లో వచ్చిన గ్రంథం ఇంగ్లీషువారి నోట నలిగిన హిందూస్తానీ మాటల పదకోశం. ఒక మాట కింద పది మాటల ముచ్చట్లు చెప్పుకుంటూ పోయారు. చదవటానికి కమ్మగా వుంటుంది, వెతకటానికి ప్రాణం పోతుంది. అందుకని 1903 నాటి రెండో కూర్పులో ఆ పదకోశానికే సూచిక చేర్చారు. మన హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా పెట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం శాస్త్రగ్రంథాలు ఉర్దూలోకి తెచ్చినప్పుడు వేల కొద్దీ కొత్త మాటలు పుట్టించారు. మాట పుట్టించినప్పుడు ఫర్హంగ్ ఇవ్వకపోతే చదివేవాడికి కొత్త మాట ఒక గోడ. ఆ పుస్తకాలు కొన్ని ఇంకా పాత లైబ్రరీలలో వున్నాయి. చెదలకంటె ముందు మన పిల్లలు వాటిని చూస్తే బాగుంటుంది.

ఇక మన సొసైటీ సంగతి చెప్పి కూర్చుంటాను. మన వార్షిక సంచికలు చాలా ఏళ్లవి ఆఫీసు బీరువాలో కట్టలు కట్టి వున్నాయి. అందులో స్కాలర్‌షిప్పు అందుకున్న పిల్లల పేర్లు, చందా ఇచ్చినవారి పేర్లు, వెళ్లిపోయిన పెద్దల గురించి రాసిన మాటలు వున్నాయి. ఎవరి నాయనమ్మ గురించి ఏ సంచికలో రాశారో తెలియాలంటే అన్నీ విప్పవలసిందే. దీనికి సూచిక చేద్దామని కార్యవర్గానికి మనవి చేశాను, ఒప్పుకున్నారు. దాంతోపాటు పాత ఇంటి కాగితాలలో వచ్చే మాటలకు చిన్న పదకోశం, ఎడమ పక్కన ఉర్దూలో, కుడి పక్కన తెలుగులో. రెహన్, బైనామా, హిబా, ఖబ్జా, ఇనాం, మున్తఖబ్, ఇలాంటివి. మొదటి విడతగా నూరు మాటలు చాలు. మీ ఇంట్లో పాత కాగితాలుంటే కాగితం ఇవ్వనక్కరలేదు, అందులో అర్థంకాని మాట రాసి పంపండి.

సూచికకు సెలవుల్లో పన్నెండు మంది విద్యార్థులు కావాలి. పని ఇలా వుంటుంది. పోస్టుకార్డులో సగం వుండే అట్టముక్కలు ఇస్తాం. ఒక ముక్క మీద ఒకే పేరు. పైన పూర్తి పేరు, కింద సంచిక సంవత్సరం, పుట నంబరు. షేక్, సయ్యద్, మహమ్మద్ అని మొదలయ్యే పేరైతే రెండో ముక్క మీద విడిపేరు రాసి "చూడుము" అని రాయాలి. ఆడవారి పేరును ఫలానావారి భార్య అని రాసి వదలవద్దు, ఆమె పేరు కనుక్కుని రాయండి, తెలియకపోతే ఇంటికి వెళ్లి అడగండి. సిరాతో రాయండి, పెన్సిలు వద్దు. అట్టముక్కలు జుమా తర్వాత నా దగ్గర తీసుకోవచ్చు.